ఈ తెర ఎవరి కంటికి?

ప్రభుత్వ వెబ్‌సైట్లను మదింపు చేసే నివేదికలు చదువుతుంటే ఒక ప్రశ్న వదలదు: ఇవి ఎవరి కళ్ళతో చూసి రాసినవి? రంగులు పొందికగా ఉన్నాయా, అక్షరం సైజు పెంచుకోవచ్చా, పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటోంది అని కొలిచి మార్కులు వేస్తారు. ఇవి అక్కర్లేనివని కాదు. చూపు మందగించిన వాళ్ళకు అక్షరం పెద్దదవడం హక్కే. కానీ ఈ కొలతల్లో స్త్రీ ఎక్కడుంది? అసలు వాడే మనిషిని తెలుగులో 'వినియోగదారుడు' అంటున్నారు. ఆ 'డు'లోనే సగం సంగతి తేలిపోయింది!

వినియోగ సౌలభ్యానికి ఐఎస్‌ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఫలానా మనుషులు, ఫలానా పరిస్థితుల్లో, తమ పని నెరవేర్చుకోగలుగుతున్నారా అన్నదే కొలత అని 1998లోనే అది చెప్పింది. మన నిపుణులు ఆ 'ఫలానా మనుషుల'ను వదిలేసి మిగతాది పట్టుకున్నారు.

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలాన్నే తీసుకోండి. బోధన్ పక్కన, మహారాష్ట్ర సరిహద్దులో ఉంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని వెయ్యి బీడీల లెక్కన కూలి తెచ్చుకునే ఆడవాళ్ళ ప్రాంతం. బీడీ కార్మికులకు 2015లో నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలైంది, 2019లో 2,016 అయింది. అలాంటి ఒకామెకు భృతి ఆగిపోయిందనుకుందాం. ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు, ఎవరినడగాలి? ఆమెకు కావలసింది ఈ మూడు ముక్కలే. జిల్లా వెబ్‌సైట్లేమో ఎన్‌ఐసీ పోసిన ఒకే మూసలోవి. జిల్లా చరిత్ర, చూడదగ్గ ప్రదేశాలు, ఫొటో గ్యాలరీ, అధికారుల జాబితా. పథకాలకూ పేజీ ఉంటుంది. అందులో పథకం గురించి ఉంటుంది, ఆమె గురించి ఉండదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతమే. మిగిలినవాళ్ళకు మీసేవ కేంద్రం ఉందిగా అంటారు. 2011లో మొదలైన ఆ ఏర్పాటులో తెర ముందు కూర్చునేది నిర్వాహకుడు. ఆమె బల్లకు ఇవతల నిలబడి, రుసుము కట్టి, అతను చదివి చెప్పినంతే తెలుసుకుంటుంది. ఓటీపీ కొడుకు ఫోనుకో భర్త ఫోనుకో వెళ్తుంది. అంటే తన హక్కు గురించి అడగడానికి ఇద్దరు మగవాళ్ళ అనుమతి కావాలి. బీడీలు వదిలి వెళ్ళిన పూట కూలి ఏ మదింపులోనూ లెక్కకు రాదు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. బోధన్ చుట్టుపక్కల ముస్లిం స్త్రీలకు ఆ చట్టం తెర మీద కూడా కనిపించాలి కదా?

ఇది దయ కోరడం కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4 అడగకముందే సమాచారం చెప్పమంటోంది. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు కూడా అందులోనివే. స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో ఎక్కువ ఫలితమిచ్చే పద్ధతిలో చెప్పాలనీ అంటోంది. ఆ పద్ధతి ఏదో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తెలియనిదేమీ కాదు. 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్లను ఊళ్ళోకి తెచ్చి సభలో చదివి వినిపించారు. కంప్యూటర్లోని లెక్క అప్పుడే కూలి మనిషి చేతికి ఆయుధమైంది.

కాబట్టి ఈసారి 'ఉత్తమ వెబ్‌సైట్' మదింపుకు మన సంఘాలను పిలిస్తే రెంజల్‌లో చేద్దామని చెప్పాలి. పరీక్షించేది బీడీలు చేసే ఆడవాళ్ళు. ప్రశ్న ఒక్కటే: భృతి ఎందుకు ఆగింది? జవాబు తెలుగులో, ఉర్దూలో తెర మీద దొరకాలి. అదే జవాబు, అదే రోజు, మండల పరిషత్ గోడ మీదా కనిపించాలి.