మెరిస్తే చాలదు, నిలవాలి



విద్యానిధి దరఖాస్తులు చూసే రోజులు వస్తున్నాయి కాబట్టి ఒక మాట. ఇంజనీరింగ్ అంటే కంప్యూటరే అని మనలో చాలామందికి ఉంది. పదార్థాల మీద పరిశోధన చేసే పిల్లలు వస్తే "ఇది దేనికి పనికొస్తుందమ్మా?" అని అడుగుతాం. అడగాల్సిందే. కానీ అక్కడితో ఆగిపోకూడదని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చెప్తాను.

కళ్లజోడు అక్కర్లేకుండా చేసే ఆపరేషన్‌లో కార్నియా పొరను కోయడానికి ఫెమ్టోసెకండ్ లేజర్ వాడుతున్నారు. అది ధారగా వెలగదు. ఒక్కో పల్సు సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువసేపే ఉంటుంది. చుట్టుపక్కలకు వేడి పాకేలోపే కోత అయిపోతుంది.

ఇలాంటి పల్సులు ఫైబర్ లేజర్‌లోనూ పుట్టించవచ్చు. ఎర్బియం కలిపిన గాజు తీగతో 10 మీటర్ల చుట్ట చేస్తే, అందులో కాంతి సెకనుకు సుమారు 2 కోట్ల సార్లు తిరుగుతుంది. దారిలో ఒక కాపలాదారు ఉండాలి. దాని పేరు సాచురబుల్ అబ్సార్బర్. బలహీనమైన కాంతి వస్తే మింగేస్తుంది. బలమైన కాంతి వస్తే ఇక మింగే చోటు లేక వదిలేస్తుంది. చుట్టు తర్వాత చుట్టు ఇలా వడకట్టగా చివరికి పదునైన పల్సే మిగులుతుంది.

1992లో ఉర్సులా కెల్లర్ దీన్ని సెమీకండక్టర్ అద్దంగా చేసి చూపించారు. బాగా పనిచేస్తుంది, కానీ తయారీకి ఖరీదైన యంత్రాలు కావాలి. 2003లో జపాన్‌లో కార్బన్ నానోట్యూబులతో, 2009లో సింగపూర్‌లో గ్రాఫీన్‌తో అదే పని చేయించారు. ఈ పదార్థాన్ని పీవీఏ వంటి ప్లాస్టిక్ ద్రావణంలో కలిపి, పలుచటి పొరగా ఆరబెట్టి, రెండు ఫైబర్ కనెక్టర్ల మధ్య పెడితే చాలు. అదే నానోకాంపోజిట్. మామూలు కాలేజీ ల్యాబ్‌లోనూ చేయవచ్చు.

చిక్కు కూడా అక్కడే ఉంది. లేజర్ శక్తి అంతా 10 మైక్రాన్ల లోపు చోటులోంచే పోవాలి. నానోట్యూబు వేడికి తట్టుకున్నా దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ తట్టుకోదు. పైగా పీవీఏ చెమ్మ పీల్చుకుంటుంది. బ్లాక్ ఫాస్ఫరస్ అయితే గాలి తగిలితేనే పాడవుతుంది. పొరను ఫైబర్ పక్కన పూసి కాంతి అంచు మాత్రమే తగిలేలా చేయడం ఒక ఉపాయం. ప్లాస్టిక్ బదులు గాజు వాడటం ఇంకొకటి.

ఈ రంగంలో కొత్త పదార్థం పేరుకున్న విలువ మన్నికకు లేదని నాకనిపిస్తుంది. "కొత్తది వెతక్కపోతే గ్రాఫీన్ వచ్చేదా?" అని మీరడగవచ్చు. నిజమే, వెతకాలి. కానీ ఒక రోజు మెరిసి కాలిపోయే పొరతో ఆస్పత్రిలో వాడే యంత్రం తయారుకాదు.

అందుకే మన కమిటీ ఇంకో రెండు ప్రశ్నలు అడగాలని నా మనవి. ఎన్ని గంటలు పనిచేసింది? మళ్లీ చేస్తే అలాగే వచ్చిందా? "40 గంటలకు కాలిపోయిందండీ, ఎందుకో కనిపెట్టాను" అనే పిల్లకు, "ప్రపంచంలో మొదటిసారి నేనే చేశాను" అనే పిల్లాడికన్నా ముందు సాయం అందాలి. జవాబులో కన్నడమో తమిళమో కలిసినా పర్వాలేదు, విషయం తెలిస్తే చాలు.

మీరేమంటారో కింద రాయండి.