కన్ను గలదు, సాక్ష్యము లేదు

గోడలకు చెవులుండునని మన పెద్దలు హెచ్చరించెడివారు. నేడు గోడలకు కన్నులును మొలచినవి. బజారున, బస్సు స్టాండున, దుకాణపు ముంగిట, తుదకు దేవాలయ ప్రాంగణమునను సీసీ కెమేరా రెప్ప వేయక చూచుచున్నది. ఊరి కిన్ని కెమేరాలు పెట్టితిమని అధికారులు సభలలో సంఖ్యలు చదువుచున్నారు. మనము చప్పట్లు కొట్టుచున్నాము. కాని ఈ కన్నులు చూచినదానిలో ఎంత భాగము న్యాయస్థానపు గడప దాటి సాక్ష్యమై నిలిచినదని యడుగువారు లేరు. చూచుట వేరు, సాక్ష్యమిచ్చుట వేరు. ఈ భేదమును మఱచినంత కాలము కెమేరాలెన్ని పెంచినను దోషి తప్పించుకొనుచునే యుండును, నిర్దోషి చెఱలో మగ్గుచునే యుండును.

ఇది అతిశయోక్తి కాదు. 2010లో కాశీ పట్టణమున ఒక హోటలు గదిలో ఇటలీ దేశపు యాత్రికు డొకడు మరణించెను. తోడివచ్చిన స్త్రీపురుషు లిరువురిపై హత్యానేరము మోపబడి యావజ్జీవ శిక్ష పడెను. ఆ హోటలులో సీసీ కెమేరాలుండెను. ఆ గదిలోనికి ఎవరు పోయిరో, ఎవరు వచ్చిరో చెప్పగల సాక్షి అదియే. కాని ఆ దృశ్యములను న్యాయస్థానము ముందుంచిన వారు లేరు! ఉత్తమమైన సాక్ష్యము చేతనుండియు చూపని పక్షమునకు ప్రతికూలముగ ఊహింపవలసి యుండునని 2015 జనవరిలో సుప్రీంకోర్టు పలికి వారిని విడుదల చేసెను. అప్పటికి సుమారు అయిదేండ్లు గడచిపోయినవి. ఆ యేండ్లను తిరిగి యిచ్చు న్యాయస్థాన మెచ్చటనున్నది?

అంత దూరము పోనేల? నేను పక్షమువహించి వాదించిన ఒక చిన్న కేసు చెప్పెదను. రాత్రివేళ ఒక యిల్లాలి మెడలోని గొలుసు తెంపుకొని పోయిరి. ఎదుటి దుకాణములో కెమేరా కలదు. తెరపై ఆడుచున్న దృశ్యమును పోలీసువారు తమ సెల్‌ఫోనుతో చిత్రించుకొని, పెన్‌డ్రైవులో వేసి, ఇదిగో సాక్ష్యమని తెచ్చిరి. మసకలో ఒక ముఖము. మూలన ఒక వేళ. ఆ వేళ సరియైనచో నా కక్షిదారుడు మిల్లులో పనిలో నుండెను; యంత్రపు గడియారము ముందు నడచుచున్నచో త్రోవలో నుండవచ్చును. గడియారము తప్పు నడచుచుండెనని దుకాణదారుడే ఒప్పుకొనెను. ఎంత తప్పో వ్రాసికొన్నవారు లేరు. మూలయంత్రమును తెమ్మంటిని, పాత దృశ్యములపై క్రొత్తవి పడి అన్నియు చెరిగిపోయినవనిరి. నాలుగు నెలలు జైలులో నుండిన ఆ కుఱ్ఱవాడు విడుదలయ్యెను. ఆ యిల్లాలి గొలుసు రాలేదు. అతడు దోషియో నిర్దోషియో నేటికిని ఎవరును ఎఱుగరు. గెలిచిన వకీలును నేనే యైనను, అది గెలుపని చెప్పుకొనుటకు నాకు నోరు రాదు.

చట్టము లేదని సాకు చెప్ప వీలు లేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టముతో సాక్ష్య చట్టమున 65-బి సెక్షను చేరినది. ధ్రువపత్రము లేని నకలు చెల్లదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను; 2018లో కొంత సడలించెను; 2020లో అర్జున్ పండిత్‌రావు కేసున మరల బిగించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ఆ పత్రమును రెండు భాగములు చేసినది. ఒకటి దాఖలుచేయు పక్షము నింపవలెను, రెండవది నిపుణుడు నింపవలెను. రెంటను హాష్ విలువ వ్రాయవలెను. హాష్ అనగా ఫైలునుండి గణితమార్గమున తీసిన వ్రేలిముద్ర వంటిది. ఫైలులో ఆవగింజంత మార్పు జరిగినను ముద్ర మారిపోవును.

ఇంక ఆలస్యము మాట. జనసమ్మర్దముగల స్థలములలో కెమేరాలుంచి దృశ్యములను 30 దినములు భద్రపఱుపవలెనని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లోనే చట్టము వచ్చినది. ముప్పది యొకటవ దినమున తీరికగా పోయినచో నేమి దొరకును? దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు!

చేయవలసిన దేమి? నేరము తెలిసిన దినముననే పోవలెను. యంత్రపు గడియారమును సరియైన కాలముతో పోల్చి తేడాను పంచనామాలో వ్రాయవలెను. తెరను ఫోనుతో చిత్రింపక, మూలఫైలునే, దానిని ఆడించు ప్రోగ్రాముతో సహా తీసికొనవలెను. నేరము జరిగిన నిమిషమే గాక ముందువెనుకల గంటలనుకూడ తీసికొనవలెను. అచ్చటనే హాష్ తీసి, సీలు వేసి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో వ్రాయవలెను. యంత్రము గలవాని సంతకము ఆనాడే తీసికొనవలెను. ఇందులో కోట్లు వ్యయమగున దేదియు లేదు. పోలీసువారికి పనిభారమందురు, నిపుణులు చాలరందురు. నిజమే. మఱి యంత్రములు కొనుటకు దొరకిన ధనము మనుష్యులకు శిక్షణ యిచ్చుటకు దొరకదా? స్తంభపు కొనకు కట్టిన కెమేరా టోపీలను చూచునుగాని ముఖములను చూడదని చెప్పువారైనను లేరా?

మఱియొక మాట. వీధిలో విప్పారిన కన్ను ఠాణాలో మూతపడుటేల? ప్రతి పోలీసు ఠాణాలోను లాకప్పుతో సహా కెమేరాలుంచి దృశ్యములను 18 నెలలు, అది సాధ్యము కానిచోట కనీసమొక యేడాది భద్రపఱుపవలెనని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించినది. అయినను ఠాణాలలో పనిచేయు కెమేరాలు లేకుండుటను 2025 సెప్టెంబరులో ఆ న్యాయస్థానమే తనంతట తాను విచారణకు తీసికొనవలసి వచ్చినది. కంచెయే చేను మేయునెడల చేనికి దిక్కెవరు? పౌరునిపై చూపుటకు పనికివచ్చు దృశ్యము, పౌరుని పక్షమున అడిగిననాడు యంత్రము చెడినదనుట న్యాయమా?

పాఠకులారా! మీ దుకాణమున కెమేరా యున్నచో దాని గడియారమును నేడే సరిచూడుడు. దృశ్యము తీసికొనిపోవ వచ్చిన అధికారిని రసీదడుగుడు, హాష్ అడుగుడు. ప్రభుత్వమువారిని ఎన్ని కెమేరాలని కాక, ఎన్ని కేసులలో ఆ దృశ్యము సాక్ష్యముగా నిలిచినదని అడుగుడు. ఈ యడుగుట మనము మానినచో, వేయికన్నుల రాజ్యమున న్యాయము గ్రుడ్డిదై తడవులాడుచునే యుండును.