ప్రవీణ దాకా ఎందుకు, ముందు ప్రాథమిక

దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు చూడండి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. "హిందీ పండితురాలివి అయిపో" అంటే ఏ ఇల్లాలైనా దణ్ణం పెట్టేస్తుంది. "ఆగస్టులో ప్రాథమిక రాయి" అంటే మాత్రం సరే చూద్దాంలే అంటుంది. 1918లో పుట్టిన సభ కదా, ఈ కిటుకు ఎప్పుడో పట్టేసింది.

మా ఆడపడుచు నలభై దాటాక మొదలుపెట్టింది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు నాలుగు వాక్యాలు, అంతే. "ఈ వయసులో ఏ ఉద్యోగం వెలగబెడదామనే?" అని వాళ్ళత్తగారు. తనేమీ వాదించలేదు, వచ్చే పరీక్ష ఎప్పుడో చెప్పి ఊరుకుంది. నాకైతే అదే నచ్చింది. పెద్ద కోరిక నలుగురిలో పెడితే రోజూ దానికి సంజాయిషీ చెప్పుకోవాలి (మగవాళ్ళకి ఈ బాధ తక్కువే లెండి). ఫిబ్రవరిలో రాష్ట్రభాష రాస్తోంది. "ప్రవేశిక పుస్తకాలు కూడా కొనేయనా వదినా?" అంది. ఇప్పుడే వద్దన్నాను.