బండి చక్రములు కడుగుటకు ఏది మేలు?



ఈ మధ్య మేము కోరుట్లలో ఒక కుటుంబమును దర్శించుటకు వెళ్ళినప్పుడు, ఇంటి ముందర నిలిపిన కారును చూచి ఆగిపోయాము. కారు శుభ్రముగానే ఉన్నది గాని, దాని అల్లాయ్ రింగుల మీద సున్నపు చుక్కలు చల్లినట్లు తెల్లని మచ్చలు తేలియున్నవి. ఆ ఇంటి సహోదరుడు తొమ్మిదేండ్లు దుబాయిలో పని చేసి తిరిగి వచ్చి, కూడబెట్టిన డబ్బుతో ఆ పాత కారు కొని కిరాయికి తిప్పుచున్నాడు. ఆయన కుడిచేతి రెండు వేళ్ళకు గుడ్డ చుట్టియున్నది.

“ఏమైంది తమ్ముడూ?” అని అడిగితిమి.

“రింగులు నల్లగయినయని బాత్రూం యాసిడ్ పోసి రుద్దిన అయ్యగారూ. మస్తు నురగొచ్చింది. మంచిగ పోతున్నదనుకున్న. ఆరినంక జూస్తే గిట్లయినయ్. చెయ్యి గూడ కాలింది.”

ఆ యాసిడ్ సీసా చూపించమన్నాము. పాత నీళ్ళ సీసాలో నింపి అమ్మినది. దాని మీద పేరు లేదు, హెచ్చరిక లేదు, తయారు చేసినవారి చిరునామా లేదు. ఇంతలో ఆయన భార్య, “పులుసు సిల్వరు గిన్నెల పెట్టద్దని మా అత్తమ్మ ఎప్పుడు జెప్తది. గదే గిదానా అయ్యగారూ?” అని అడిగినది. అవును, అదే ఇది! అల్లాయ్ రింగు అనగా చాలావరకు అల్యూమినియమే. సిల్వరు గిన్నెను చింతపండు పులుపే తినివేయగా, యాసిడ్ ఊరకుండునా?

“మరి దేనితో కడగాలె?” అని ఆ సహోదరుడు అడిగిన ప్రశ్నకే ఈ నెల మన శీర్షికలో జవాబు వ్రాయుచున్నాము. ఇప్పుడు మన పల్లెలలో కూడా కార్లు, బొలేరోలు, ఆటోలు చాలా ఇండ్లకు జీవనాధారములైనవి గనుక ఇది అందరికీ పనికివచ్చునని తలంచుచున్నాము.

టైరు వేరు, రింగు వేరు

మొదట గమనించవలసినది, చక్రములో రెండు వేరు వేరు వస్తువులున్నవి. బయటిది రబ్బరు టైరు, లోపలిది లోహపు రింగు. ఒకదానికి మేలు చేయు మందు రెండవదానికి కీడు చేయవచ్చును.

రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపరచు పద్ధతిని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశస్థుడు కనుగొన్నాడు. తొలినాటి టైర్లు నల్లగా ఉండేవి కావు, తెలుపు కలిసిన రంగులో ఉండేవి. బలము కొరకు కార్బన్ అను నల్లని పొడి కలుపుట మొదలైన తరువాత టైరు నల్లబడినది. టైరు పగుళ్ళు బారకుండ అందులో ఒక విధమైన మైనమును, కొన్ని రక్షక పదార్థములను కూడా కలుపుదురు. అవి మెల్లమెల్లగా పైకి వచ్చి గాలిని, ఎండను కాచుకొనును. అందుచేతనే పాతబడిన టైరు ఇటుకపొడి రంగుకు తిరుగును. అది అంతయు మట్టి కాదు; కొంతవరకు టైరు తన్ను తాను కాపాడుకొన్న గుర్తు. ఆ రంగును పోగొట్టవలెనని ప్రతి వారము గట్టి మందుతో గీకితే, ఆ కాపుదలనే గీకివేసినట్లగును.

ఇక రింగులు రెండు రకములు. మారుతి 800, ఓమ్ని వంటి పాత బండ్లకు, చాలా జీపులకు, ఆటోలకు ఇనుప రింగులుండును. వాటి మీద పెయింటు ఉండును, పెయింటు పోయినచోట తుప్పు పట్టును. అల్లాయ్ రింగుల మీద అద్దము వంటి సన్నని వార్నిష్ పొర ఉండును. ఆ పొర ఉన్నంతకాలమే దాని మెరుపు.

మన దిక్కు మురికి ఏది?

మురికిని ఎరుగక మందు కొనుట, రోగము ఎరుగక గోలీ మింగినట్లే.

మొదటిది బురద. నాట్ల కాలములో జగిత్యాల, కోరుట్ల పల్లెల నుండి వచ్చు రోడ్లపై దమ్ము చేసిన ట్రాక్టర్ల కేజీవీల్స్ నుండి రాలిన బురద పడియుండును. ఆ బురదలో యూరియా, డీఏపీ, పొటాష్ వంటి ఎరువులు కూడా కలిసియుండును. ఎరువులు ఉప్పువంటివి, వాటి తడి ఇనుమును త్వరగా తుప్పు పట్టించును. అందుచేత పొలము నుండి వచ్చిన బండిని “ఆదివారము కడుగుదాములే” అని వదలక, ఆ సాయంత్రమే ఉత్త నీళ్ళయినా కొట్టవలెను. పశువుల పేడ విషయములోను ఇంతే.

రెండవది బ్రేకు పొడి. చాలా కార్లకు ముందర డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉండును. బ్రేకు తొక్కినప్పుడెల్ల డిస్కు, ప్యాడ్లు అరిగి, ఇనుప రజను కలిసిన నల్లని పొడి రాలి వేడిమీద రింగుకు అంటుకొనును. ముందు చక్రములే ఎక్కువ నల్లబడుటకు కారణమిదే. మన సహోదరుడు యాసిడ్ పోసినది దీనికొరకే.

మూడవది తారు. కొత్తగా రోడ్డు వేసినచోట, ఎండాకాలము మధ్యాహ్నపువేళ తారు చుక్కలు అంటుకొనును.

నాలుగవది బోరు నీళ్ళ ఉప్పు. కడిగిన తరువాత ఆ నీళ్ళు రింగు మీదనే ఆరిపోతే తెల్లని మరకలు మిగులును. వీటికి మందు కన్న పొడిగుడ్డ మేలు. కడిగిన వెంటనే తుడిచినయెడల మరకయే పడదు.

ముట్టకూడనివి

బాత్రూం యాసిడ్ అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము. అది మురికితో కూడ వార్నిష్‌ను, అల్యూమినియమును, నట్లను, బ్రేకు డిస్కును కూడా కొరుకును. కొన్ని సర్వీసింగ్ సెంటర్లలో పేరులేని డబ్బాలలో నుండి “రింగు మందు” కొట్టుదురు. అందులో ఏమున్నదో అడగండి. వారు చెప్పలేనియెడల వద్దనండి. చక్రములు కడుగు కొన్ని ఆమ్లపు మందులలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాని దాని సంబంధమైన లవణములు గాని ఉండును. అది చర్మముపై పడినప్పుడు మొదట నొప్పి తెలియకపోవచ్చును గాని, లోపలికి దిగి ఎముకవరకు హాని చేయును. యాసిడ్ ఏదైనను ఒంటిమీద పడినయెడల సున్నము, పసుపు పూయక, వెంటనే పారుచున్న నీటిక్రింద పదిహేను ఇరువది నిమిషములు కడిగి, ఆ సీసాను చేతపట్టుకొని డాక్టరు వద్దకు వెళ్ళవలెను.

సిరిసిల్ల పాఠకులకు ఒక మాట. మీ పట్టణములో మరమగ్గములు, వాటితోపాటు అద్దకపు పనులు ఉన్నవి. అద్దకములో వాడు కాస్టిక్ సోడా జిడ్డును ఇట్టే వదిలించును గనుక దానిని ఇంటికి తెచ్చి బండికి వాడవలెనని ఎవరికైనను తోచవచ్చును. అయితే కాస్టిక్ సోడా కూడా అల్యూమినియమును తినివేయును, కండ్లలో పడితే చూపు పోవచ్చును. యాసిడ్ మాత్రమే ప్రమాదము, సోడా మంచిది అనుకొనవద్దు.

మరియొకటి. నీళ్ళ ట్యాంకులో వేయు బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఎన్నడును కలుపకూడదు. కలిపినయెడల క్లోరిన్ అను విషవాయువు లేచును. రెండును బాత్రూములో ఒకే గూటిలో పెట్టిన ఇండ్లు మేము చూచితిమి. తల్లులారా, ఈ రోజే వాటిని విడదీయండి.

గ్యాసునూనె, డీజిలు, పెట్రోలు టైరుకు పూయుట పాత అలవాటు. పూసిన గంటసేపు టైరు నిగనిగలాడును. అయితే ఆ నూనెలు రబ్బరులోనికి ఇంకి దానిని ఉబ్బించి మెత్తబరచును, లోపలి మైనమును కరిగించును. తరువాత పగుళ్ళు వచ్చును.

వాడదగినవి

నూటికి తొంబది సార్లు నీళ్ళు, కారు షాంపూ, ఒక మెత్తని బ్రష్షు చాలును. కారు షాంపూ లేనిచోట గిన్నెలు తోము ద్రవపు సబ్బును బకెట్ నీటికి ఒకటి రెండు చెంచాలు కలిపి వాడవచ్చును. గిన్నెలు తోము పొడి, ఇనుప పీచు, ఇసుక మాత్రము రింగు మీద పెట్టకూడదు, గీతలు పడును.

బ్రేకు పొడి గట్టిగా పట్టినయెడల దుకాణములో ‘వీల్ క్లీనర్’ అడిగి తీసుకొనవచ్చును. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. మొదట, డబ్బా మీద ‘పీహెచ్ న్యూట్రల్’ అనియో, యాసిడ్ లేదనియో ఉన్నదా? పీహెచ్ అంకె 7 అనగా పులుపు కాదు, క్షారము కాదు. రెండవది, అల్లాయ్‌కు, పెయింటుకు పనికివచ్చునని వ్రాసియున్నదా? మూడవది, ఎంతసేపు ఉంచవలెనో, ప్రమాదము జరిగితే ఏమి చేయవలెనో చెప్పియున్నదా? ఇంగ్లీషు చదువరాకపోతే ఇంట్లో బడికి పోవు పిల్లలచేత చదివించుకొనండి.

‘ఐరన్ రిమూవర్’ అను మరియొక రకము కలదు. అది ఇనుప రజను తగిలినచోట ఊదారంగుకు మారి కారును. కోడిగ్రుడ్డు కుళ్ళిన వాసన వచ్చును గనుక గాలి ఆడుచోట, చేతితొడుగులు వేసుకొని వాడవలెను. ఏడాదికి రెండు మూడు సార్లకు మించి అవసరముండదు.

తారు చుక్కలు రింగు మీద ఉన్నయెడల కొంచెము కొబ్బరినూనె రాచి, మెత్తబడిన తరువాత గుడ్డతో తుడిచి సబ్బునీళ్ళతో కడగండి. టైరు మీదిదైతే నూనె పెట్టక చెక్కముక్కతో గీకి తీయండి.

కడుగు విధము

బండి నడిచి వచ్చిన వెంటనే కడుగకూడదు. వేడి రింగు మీద మందు వెంటనే ఆరి మచ్చపడును. నీడలో నిలిపి, చేయి పెట్టి చూచి, చల్లారిన తరువాతనే మొదలుపెట్టవలెను. మొదట నీళ్ళు కొట్టి మట్టిని నాననివ్వండి. కొత్త మందు అయితే రింగు లోపలివైపు ఒక మూలన రాచి చూడండి. ఒక్కొక్క చక్రమును పూర్తిగా ముగించి రెండవదానికి పోవలెను. చక్రములకు వాడిన బ్రష్షును, బకెట్టును కారు ఒంటికి వాడకూడదు, అందులోని ఇసుక పెయింటును గీరును. ప్రెషర్ పంపును టైరు ప్రక్కలకు మరీ దగ్గరగా పెట్టవద్దు. ముగిసిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, బండిని మెల్లగా నడిపి రెండు మూడు సార్లు బ్రేకు తొక్కి చూడండి. తడిసిన బ్రేకు వెంటనే పట్టదు.

కడిగిన నీళ్ళు బావిలోనికి, చెరువులోనికి పోనీయకండి. టైర్లలోని ఒక రక్షక పదార్థము గాలితో కలిసి మారి, వాననీటితో వాగులలోనికి చేరి చేపలను చంపుచున్నదని 2020లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి. మన చెరువుల చేపలను మనమే తినుచున్నాము గదా!

మెరుపు సంగతి

టైరు పాలిష్‌లు రెండు విధములు. నీటితో చేసినవి పాలవలె ఉండును, ఆరిన తరువాత మితమైన నలుపు ఇచ్చును. నూనెవంటి ద్రావకముతో చేసినవి ఎక్కువ మెరయును గాని, దుమ్మును లాగుకొనును, బండి నడిచినప్పుడు చిమ్మి పెయింటు మీద పడును. వాడితే మొదటిదే మేలు. ఏదైనను టైరు ప్రక్కలకే గాని, రోడ్డుకు తగులు భాగమునకు, బ్రేకు డిస్కుకు తగులనీయకూడదు. తగిలితే బండి జారును, బ్రేకు పట్టదు.

సిరిసిల్లలో మేమెరిగిన ఒక ఉపాధ్యాయుని కుటుంబమున్నది. కుమార్తె ప్రసవమునకు కరీంనగరు ఆసుపత్రికి తీసికొనిపోవలసిన ముందునాడు కారును సర్వీసింగుకు ఇచ్చి టైర్లకు నల్ల పాలిష్ పెట్టించిరి. చూచినవారు కొత్త టైర్లనుకొనిరి. తెల్లవారి ఆ తండ్రి తృప్తి లేక, బకెట్టు, బ్రష్షు పట్టుకొని చక్రముల లోపలివైపు తానే కడిగెను. ఒక టైరు లోపలి ప్రక్కన కోడిగ్రుడ్డంత ఉబ్బు చేతికి తగిలినది! లోపలి దారములు తెగినప్పుడు అట్లు ఉబ్బును, ఏ క్షణమైనను పగులవచ్చును. స్టెప్నీ మార్చుకొని మెల్లగా వెళ్ళి సుఖముగా చేరిరి. “పైన పటారం, లోన లొటారం” అని మన పెద్దలు ఊరకే అనలేదు.

కాబట్టి కడుగుచున్నప్పుడు చేతితో పాటు కన్ను కూడా పని చేయవలెను. పగుళ్ళు, ఉబ్బులు, దిగిన మేకులు, వదులైన నట్లు చూడండి. టైరు గాళ్ళ మధ్య చిన్న చిన్న అడ్డగట్లు ఉండును. టైరు అరిగి వాటితో సమానమైనదంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినది, మార్చవలెను. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. పాత బండి కొనువారు ఇది తప్పక చూడవలెను.

కోరుట్ల సహోదరుని వేళ్ళు మానినవి. రింగుల మచ్చలు మాత్రము ఏ మందుకును పోలేదు. పెయింటరు వద్ద గీకించి రంగు వేయించవలసివచ్చినది. కొన్ని దినముల కిరాయి డబ్బులు దానికే పోయినవి. ఆ సీసాను ఏమి చేసితివని మేము అడిగితిమి. “పిల్లలు నీళ్ళనుకొని తాగుతరేమోనని మా ఆమె ఆ దినమే తీసేయించింది అయ్యగారూ” అన్నాడు. మీ ఇంటిలో అటువంటి పేరులేని సీసా ఉన్నదేమో, ఈ పత్రిక ప్రక్కన పెట్టి ఒకసారి లేచి చూడండి.