బిందెలో నీళ్ళకు కావలి ఉందా?

ఆళ్ళగడ్డ దగ్గర ఊరినుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పొద్దున కొళాయి నీళ్ళు పట్టుకుంటే బ్లీచింగ్ పౌడరు వాసన కొడుతోందట. కాఫీ పెడితే ఆసుపత్రిలో కూర్చుని తాగినట్టుందట. అందుకని ఆ నీళ్ళు పారబోసి, వంటకూ తాగటానికీ క్యాను నీళ్ళే వాడుతున్నారట. "ఇది మంచిదేనా అక్కా?" అని అడిగారు.

నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ క్లోరిను సంగతిలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. అది చెప్తేగానీ నా జవాబు మీకు సరిగ్గా అర్థం కాదు.

మాది దిగువ అహోబిలం. ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే మా ఇల్లు ఇల్లు కాదు, సత్రమే. అత్తమ్మ తరఫు వాళ్ళు, మా పుట్టింటి వాళ్ళు, వాళ్ళ వెంట వాళ్ళ ఇరుగుపొరుగు వాళ్ళు. పెద్దవాళ్ళు దిగువ సన్నిధిలో దర్శనం చేసుకుని చాపలమీద నడుం వాలుస్తారు. కుర్రవాళ్ళు ఎగువ అహోబిలం వెళ్ళి, జ్వాలా నరసింహస్వామిదాకా ఎక్కి, వచ్చేసరికి నాలుకలు పిడచకట్టుకుని ఉంటారు. వచ్చీ రాగానే "నీళ్ళు, నీళ్ళు". అన్నం ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు, మంచినీళ్ళు మాత్రం అందుతూ ఉండాలి.

నిరుడు మా ఆడబిడ్డ కూతురికి, ఆరేళ్ళ పిల్ల, ఉత్సవాల మూడోనాడు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఓ.ఆర్.ఎస్. కలిపి పట్టినా నిలవలేదు. కళ్ళు లోతుకు పోయాయి. రాత్రికి రాత్రి ఆళ్ళగడ్డ తీసుకెళ్ళి సెలైను ఎక్కిస్తే తెల్లారి కళ్ళు తెరిచి "అత్తా, ఆకలి" అంది. నీళ్ళవల్లే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. తిరునాళ్ళలో పిల్లలు ఏం తిన్నారో ఎవరికి తెలుసు? కానీ ఆ రాత్రి మా ఆడబిడ్డ నా మొహంలోకి చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఎందుకంటే ఆ పిల్ల తాగింది నా ఇంటి డ్రమ్ములో నీళ్ళు.

అందుకే ఈ ఏడు ముందే జాగ్రత్త పడ్డాను. జాగ్రత్త అంటే ఏమిటనుకున్నారు? చుట్టాలు వచ్చే ముందురోజు సాయంత్రం మా సంపు మూత తీసి, రెండు గుప్పిళ్ళు బ్లీచింగ్ పౌడరు చల్లాను. సంపు రెండువేల లీటర్లది. "ఒక గుప్పెడు చాలదూ?" అన్నారు మావారు. "మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను.

మర్నాడు మా చెల్లెలి కొడుకు నంద్యాలనుంచి వచ్చాడు. వాడు నీళ్ళు పరీక్షచేసే ఒక ప్రయివేటు లేబరేటరీలో పనిచేస్తాడు. దోవలో ఏదో పని ఉండి, చేతిలో ఇమిడే క్లోరిను మీటరు వెంట తెచ్చుకున్నాడు. చూస్తే పాతకాలం ట్రాన్సిస్టరు రేడియో అంత ఉంది. అందులో ఒక చిన్న గాజుసీసా. ఆ సీసాలో నీళ్ళు పోసి, తడి లేకుండా బట్టతో తుడిచి, ముందు ఉత్త నీళ్ళతో సున్నా పెట్టుకుంటారు. తర్వాత అదే సీసాలో డి.పి.డి. అనే పొడి పొట్లం వేసి కదిలిస్తారు. నీళ్ళలో క్లోరిను ఉంటే గులాబీరంగు వస్తుంది. ఎంత క్లోరిను ఉంటే అంత చిక్కన. మీటరు ఆ రంగులోంచి వెలుతురు పంపి, ఎంత ఆగిపోయిందో చూసి అంకె చెప్తుంది. పొడి వేశాక నిమిషంలోపే చూడాలి. ఆలస్యం చేస్తే మురికితో జతకట్టిన క్లోరిను కూడా మెల్లగా రంగిచ్చి అంకెను పెంచేస్తుందట.

"మా సంపు చూడరా" అన్నాను గొప్పగా. చూశాడు. 0.00 అని వచ్చింది.

నా గుండె జారిపోయింది. రెండు గుప్పిళ్ళు వేస్తే సున్నానా! షాపువాడు సున్నం అమ్మాడనుకుని, డబ్బా అందుకుని ఇంకో గుప్పెడు తీశాను. వాడు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఆగు. పొడి వెయ్యగానే ఒక్క క్షణం రంగు మెరిసి పోయింది, చూడలేదా?" అన్నాడు.

నేను చూడలేదు. అంకె మీదే ఉంది నా కన్ను.

సంగతేమిటంటే, క్లోరిను మరీ ఎక్కువగా ఉంటే గులాబీరంగు రాగానే దాన్నే తెల్లగా తినేస్తుంది. బ్లీచింగ్ చీరకు పడితే రంగు పోదూ, అదే. రంగు లేదు కాబట్టి మీటరు పాపం సున్నా అంటుంది. అప్పుడేం చెయ్యాలి? క్యాను నీళ్ళు ముందు పరీక్షించి అందులో క్లోరిను లేదని చూసుకున్నాడు. ఒక గ్లాసు సంపు నీళ్ళకు తొమ్మిది గ్లాసుల క్యాను నీళ్ళు కలిపి మళ్ళీ చూశాడు. 1.6. దాన్ని పదితో హెచ్చవేస్తే లీటరుకు 16 మిల్లీగ్రాములు! "ఈతకొలనులో కూడా ఇంత వెయ్యరు పెద్దమ్మా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకో గుప్పెడు వేసి, ఆ నీళ్ళు ఊరందరి పిల్లలకూ పోసేదాన్ని.

ఆ రోజంతా సంపు నీళ్ళు సగానికి పైగా తోడి వాకిలీ, బాత్‌రూములూ కడిగాం. మళ్ళీ నింపి, మళ్ళీ చూసి, మళ్ళీ తోడి, మీటరు ఒకటికి దిగేదాకా వదల్లేదు. అప్పటిదాకా తాగటానికి క్యాను నీళ్ళే.

మరి ఎంత ఉండాలి? మన దేశంలో తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన లెక్క ఉంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 1 వరకూ ఫరవాలేదు. వైరస్ జబ్బుల భయం ఉన్నచోట కనీసం 0.5 ఉండాలంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 5 దాటకూడదని హద్దు పెట్టింది. "మిగిలి ఉండాలి" అన్న మాట గమనించారా? వేసిన క్లోరినులో కొంత నీళ్ళలోని మురికిని చంపటానికే ఖర్చయిపోతుంది. ఆ పని అయ్యాక మిగిలేది కావలివాడు. దోవలో పైపులోంచో, మన చేతినుంచో, ముంచే గ్లాసునుంచో కొత్తగా దొంగ దూరితే వాడే అడ్డుకోవాలి.

ఇదేం కొత్త వ్యవహారం కాదు లెండి. అమెరికాలో జెర్సీ సిటీ ఊరి నీళ్ళకు 1908లోనే రోజూ క్లోరిను కలపటం మొదలుపెట్టారు. తాగే నీళ్ళలో మందేమిటని కోర్టుదాకా వెళ్ళింది కూడా. మన కాఫీ గొడవ నూరేళ్ళనాటిదన్నమాట.

మీటరు ఇంట్లో ఉన్న మూడురోజులూ మా అబ్బాయిని కూర్చోనివ్వలేదు. ఇల్లంతా తిప్పాను. అసలు విషయం అప్పుడు బయటపడింది. పొద్దున కొళాయి దగ్గర, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి పట్టి చూస్తే 0.5. నిక్షేపంగా ఉంది. మూతపెట్టిన స్టీలు బిందెలో మధ్యాహ్నానికి 0.4, రాత్రికి 0.2. మట్టికుండలో సాయంత్రానికే 0.04. కుండ లోపలి పాకుడూ, మట్టీ క్లోరినును తాగేస్తాయట. ఇక వరండాలో ఎండ పడేచోట మూతలేని ప్లాస్టిక్ డ్రమ్ము, నిరుడు పిల్ల తాగిందే, అందులో సున్నా. ఈసారి రంగు మెరవటం లేదు, ఏమీ లేదు. పది గ్లాసులు, ఇరవై చేతులు ముంచే డ్రమ్ములో కావలివాడు లేడు. పొద్దున కొళాయి దగ్గర వాసన చూసి "బ్లీచింగ్ వేశారు, భయం లేదు" అనుకుని రోజంతా ధైర్యంగా పోశాను నేను.

వాసన నమ్మటానికి లేదు సుమండీ. మురికితో కలిసిపోయిన క్లోరిను ఘాటుగా వాసన వేస్తుంది, పనికి మాత్రం బలహీనం. వాసన లేని నీళ్ళలో చక్కగా 0.3 ఉండొచ్చు.

క్యాను నీళ్ళ మాట. ఆర్.ఓ. మిషనులో వాటి క్లోరిను పోతుంది. మా ఇంట్లో క్యానుకు సున్నాయే వచ్చింది. దానర్థం నీళ్ళు చెడ్డవని కాదు, కావలి లేదని. క్యాను కడగకపోయినా, మూత తీసి మూడురోజులు ఉంచినా కాపాడే నాథుడు లేడు. ఇంకొకటి. మన ఆడవాళ్ళకు టి.డి.ఎస్. పెన్ను అని ఒకటి అమ్ముతున్నారు. నీళ్ళలో ముంచితే అంకె వస్తుంది. అది నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క. క్లోరిను ఉందో లేదో, క్రిములున్నాయో లేవో దానికి తెలీదు. అంకె తక్కువొచ్చిందని మురిసిపోకండి.

భయపెట్టటానికి కాదుగానీ, మన జిల్లాలోనే పాణ్యం మండలం గోరుకల్లులో 2021 ఏప్రిల్‌లో అతిసారం వచ్చి ఊరు అల్లాడింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారానికి మనుషులు పోయారు. ఇలాంటప్పుడు లారీలో బ్లీచింగ్ వస్తుంది. మామూలు రోజుల్లో చివరి కొళాయి దగ్గర 0.2 ఉందో లేదో ఎవరైనా చూస్తున్నారా అన్నదే నా ప్రశ్న.

చూడాల్సిన వాళ్ళలో మనమూ ఉన్నామండీ. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పి, కిట్టు ఇవ్వాలని పెట్టారు. అందులో మిగిలిన క్లోరిను పరీక్ష కూడా ఉంటుంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురూ ఎవరో సచివాలయంలో అడగండి. లేకపోతే మీరే ఒకరవండి. నీళ్ళు సీసాలో పట్టి నంద్యాల పంపిస్తే లాభం లేదు, దోవలోనే క్లోరిను ఎగిరిపోతుంది. అక్కడికక్కడ కొళాయి దగ్గరే చూడాలి. మీటరుకు ఖరీదెక్కువ, ఇంటికొకటి అక్కర్లేదు. రంగును అట్టమీది రంగులతో పోల్చుకునే చిన్న కిట్టు కొన్ని వందల్లో దొరుకుతుంది. డి.పి.డి. రకం అడిగి తీసుకోండి. పసుపురంగు వచ్చే పాత రకం, ఆర్థోటాలిడిన్‌ది, ఆ మందు ఒంటికి మంచిది కాదు. ఏ రకమైనా పరీక్ష చేసిన నీళ్ళు బిందెలో తిరిగి పొయ్యకండి, పారబోసి చేతులు కడుక్కోండి.

సంపుకు బ్లీచింగ్ వేసుకునేవాళ్ళు గుప్పిళ్ళతో వెయ్యకండి, తూచుకోండి. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు మొదలు. మా సంపుకు ఐదు గ్రాములన్నమాట. నేను వేసిందెంతో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీళ్ళతో మెత్తగా కలిపి, ఇంకాసిని నీళ్ళు పోసి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే సంపులో పొయ్యాలి. కనీసం అరగంట ఆగి పరీక్ష చెయ్యాలి. 0.2 కూడా రాకపోతే మరికాస్త. నీళ్ళు బురదగా ఉంటే ముందు తేరనివ్వాలి, బురదలో వేస్తే క్లోరినంతా దానికే సరి. డబ్బా మూత గట్టిగా బిగించి, ఎండా చెమ్మా తగలని చోట పెట్టండి. మూత లూజుగా ఉంటే పౌడరులో పస పోయి సున్నమే మిగులుతుంది. బాత్‌రూము యాసిడ్ పక్కన మాత్రం పెట్టకండి. ఆ రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ఊపిరాడనివ్వదు.

కొండెక్కే పిల్లలకు ఇంకో మాట. భవనాశిని నీళ్ళు అద్దంలా ఉంటాయి, చూస్తే దోసిలి పట్టబుద్ధేస్తుంది. అద్దంలా ఉన్నంతమాత్రాన క్రిములు లేనట్టు కాదు. ఇంటినుంచే సీసా నింపి పంపండి. తప్పనిసరైతే క్లోరిను బిళ్ళ, పొట్లంమీద ఎన్ని లీటర్లకని రాసుందో చూసి వేసి, అరగంట ఆగి తాగమనండి.

ఇక ఉత్తరం రాసిన చెల్లెమ్మకు. మీ కొళాయి నీళ్ళు పారబొయ్యకండి. ఒకసారి పరీక్ష చేయించండి. ఒకటి లోపుంటే అవి మీరు కొనే క్యానుకన్నా కావలి ఉన్న నీళ్ళు. ఒకటి దాటి ఉంటే ట్యాంకు చూసేవాళ్ళకు అంకె చెప్పండి, "వాసనొస్తోంది" అంటే ఎవరూ వినరు. కాఫీకి కావలసిన నీళ్ళు మాత్రం విడిగా, మూత లేకుండా రెండు పొంగులు రానివ్వండి, వాసన పోతుంది. మరిగించిన నీళ్ళలో క్లోరిను ఉండదు కాబట్టి తాగటానికి కాచినవైతే మూతపెట్టి ఏ రోజువి ఆ రోజే వాడెయ్యండి.

మా ఇంట్లో ఆ డ్రమ్ము ఇప్పుడు గేదెల కుడితికి పోయింది. దాని చోట కొళాయి బిగించిన స్టీలు డబ్బా పెట్టాం, చెయ్యి ముంచే పని లేదు. కుండ మీద అత్తమ్మకు మమకారం, తియ్యనివ్వలేదు. రెండురోజులకోసారి లోపల పీచుతో రుద్ది కడిగి, పూటపూటకూ కొత్త నీళ్ళు పోస్తున్నాను. ఉత్సవాల చివరిరోజు మీటరు తిరిగి నంద్యాల వెళ్ళేముందు కుండ చూపించాను. 0.2 వచ్చింది. మా ఆడబిడ్డ కూతురు ఆ గులాబీరంగు సీసా చూసి "అత్తా, ఇది రూహ్ అఫ్జానా? నాకూ పొయ్యి" అని వెంటబడింది.