పాత జీతము చెప్పవలెనా?

బెంగుళూరు, హోసూరులలో మన పిల్లలు ఉద్యోగము మారదలచినపుడు మొట్టమొదట ఎదురగు ప్రశ్న "ఇప్పుడు మీకెంత వచ్చుచున్నది?" అని. నోటిమాట చాలదు, మూడు నెలల జీతపు చీటీలు చూపవలెను. 20,000 అన్నవానికి 25,000 ఇత్తురు. అదే పనికి 40,000 అన్నవానికి 50,000 ఇత్తురు. ఇది పనికి కట్టిన వెలయా, వెనుకటి అవసరమునకు కట్టిన వెలయా? కాన్పు తరువాత తక్కువ జీతమునకే మరల కొలువున చేరిన ఇల్లాలిని ఆ తక్కువ ఎన్ని కొలువులు మారినను వెన్నాడుచునే యుండును.

కాలిఫోర్నియాలో 2018 జనవరి నుండి యజమానులు ఈ ప్రశ్న వేయరాదని చట్టము గలదు. ఐరోపా సమాఖ్యయు 2023లో అట్టి ఆదేశమునే వెలువరించినది. మన దేశమున సమాన వేతన చట్టము 1976లోనే వచ్చినను, అది ఈ ప్రశ్న జోలికి పోలేదు.

"దాచుట తప్పు గదా" అని మన పెద్దలందురు. (పెండ్లి సంబంధములలో వరుని జీతము అడుగుటకు అలవాటుపడినవారము గదా!) అబద్ధమాడుట తప్పే, చీటీతో అది బయటపడును కూడ. కాని చెప్పకుండుట అబద్ధము గాదు. "ఈ పనికి మీరు నిర్ణయించిన జీతమెంత? నేను కోరునది ఇంత" అని మన పిల్లలు మర్యాదగా ముందే అడుగవలెనని మా అభిప్రాయము. చీటీలు చూపక తప్పనిచో, జీతము ఖాయమైన పిమ్మట చూపవచ్చును.