అతిథుల కోసం దాచలేని తీపి

1839లో అమెరికాలో లెటిస్ బ్రయన్ అనే రచయిత్రి 'ది కెంటకీ హౌస్‌వైఫ్' పేరుతో ఒక పెద్ద వంటల గ్రంథాన్ని వెలువరించారు. పీచ్ పండ్లను కుండలో పరచి, పైన పిండి కప్పి వండే ఒక వంటకాన్ని అందులో వివరించి, జనం దానిని 'కాబ్లర్' అని కూడా అంటారని తెలిపారు. అది అతిథుల ముందు పెట్టేటంత నాజూకైనది కాదట. ఇంటిల్లిపాదికీ మాత్రం ఎంతో మంచిదట.

ఆనాడు ఆ మాట సంజాయిషీలా రాశారేమో గాని, నేడు మనం దానిని ప్రశంసగా స్వీకరించవచ్చు. మన ఇళ్ల సంగతే ఆలోచించండి. మంచి గాజు పాత్రలు అల్మారాలో ఎవరి కోసం ఎదురుచూస్తుంటాయి? జీడిపప్పు, కుంకుమపువ్వు ఎవరు వస్తే బయటికి తీస్తాం? అతిథిని గౌరవించడం మన సంస్కారం, అందులో లోపం చేయమని ఎవరూ చెప్పరు. కాని ఏడాది పొడవునా ఆ ఇంట్లో బ్రతికే పిల్లలకు, వృద్ధులకు, ముఖ్యంగా వండిపెట్టే ఇల్లాలికి అందరి తరువాత గిన్నె అడుగున మిగిలినదే దక్కితే అది న్యాయమనిపించుకోదు. అందుకే ఈ నెల మన శీర్షికలో, ఇంటివారి కోసమే పుట్టిన ఒక వంటకాన్ని పరిచయం చేస్తున్నాం.

పీచ్ పండు పుట్టిల్లు చైనా. అక్కడినుండి ఇరాన్ మీదుగా ఐరోపాకు చేరింది. ఆ దారి గుర్తు దాని శాస్త్రీయ నామంలో నేటికీ ఉంది: 'పెర్సికా' అంటే పర్షియాకు చెందినదని అర్థం. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు దీనిని అమెరికాకు తీసుకువెళ్లగా, దక్షిణాది రాష్ట్రాల వెచ్చని నేలలో చక్కగా పెరిగింది. జార్జియా నేటికీ తనను 'పీచ్ రాష్ట్రం' అని చెప్పుకుంటుంది. అట్లాంటా పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు వేసవిలో ఈ పండ్ల బుట్టలు పరిచితమే. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో పండుతుంది. హిందీలో 'ఆడూ' అంటారు. మే నుండి జూలై వరకు మన నగరాల పండ్ల దుకాణాల్లోనూ కనబడుతుంది.

అమెరికాకు వలస వెళ్లిన ఐరోపావారికి తమ దేశపు పొయ్యిలు, పరికరాలు అక్కడ దొరకలేదు. దళసరి ఇనుప కుండలో పండ్లు వేసి, పైన పిండి కప్పి, నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి వండేవారు. మన హైదరాబాద్ వంటవారు బిర్యానీని దమ్ మీద పెట్టే పద్ధతి తెలిసిన వారికి ఇందులో కొత్తదనం ఏమీ కనిపించదు. కింద సెగ, పైన సెగ, నడుమ ఓపిక.

ఈ వంటకం పేరు ఎత్తినప్పుడు తలచుకోవలసిన మరొక స్త్రీ ఉన్నారు. ఆమె పేరు అబీ ఫిషర్. దక్షిణ కరోలినాలో బానిసత్వంలో పుట్టి, స్వేచ్ఛ లభించిన తరువాత కుటుంబంతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, పచ్చళ్లు, నిల్వ పదార్థాలు తయారుచేసి పేరు తెచ్చుకున్నారు. ఆమెకు చదవడం, రాయడం రాదు. అయినా 1881లో తాను నోటితో చెబుతుండగా ఇతరులు రాసిపెట్టగా ఆమె వంటల పుస్తకం అచ్చయింది. పీచ్ కాబ్లర్ అందులో ఉంది. తాను పదకొండు మంది పిల్లల తల్లినని కూడా ఆ పుస్తకంలో ఆమె చెప్పుకున్నారు. ఇతరుల భోజనబల్లల కోసం తరతరాలుగా శ్రమించిన చేతులు తమ బిడ్డల కోసం కూడా వండుకోగలగడం ఎంత పెద్ద హక్కో అటువంటి జీవితాలను చూస్తే అర్థమవుతుంది. ఆ హక్కు పుట్టుకతోనే ఉన్న మనం దానిని తేలికగా తీసుకోరాదు.

వంటలోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. అమెరికా పాత పద్ధతుల్లో పైపిండికి పంది కొవ్వు కలిపేవారు. నేటికీ కొందరు కలుపుతారు. బజారులో దొరికే సిద్ధపిండిలోనూ జంతు కొవ్వు ఉండవచ్చు కనుక డబ్బా మీది వివరాలు చదవాలి. కొన్ని వంటల పుస్తకాల్లో పండ్ల మీద మద్యం చల్లమని ఉంటుంది. దానిని విడిచిపెట్టినంత మాత్రాన రుచికి లోటేమీ రాదు. వెనిలా ఎక్‌స్ట్రాక్ట్ సంగతి చాలామందికి తెలియదు: అమెరికా ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఆ పేరుతో అమ్మే ద్రవంలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. దాని అవసరమే లేకుండా మన ఏలకులతో, దాల్చినచెక్కతో ఈ వంటకానికి చక్కని పరిమళం వస్తుంది.

కావలసినవి, ఆరుగురికి: పండిన పీచ్ పండ్లు 1 కిలో, పంచదార 100 గ్రాములు, నిమ్మరసం 1 పెద్ద చెంచా, కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర పెద్ద చెంచాలు, ఏలకుల పొడి అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు. పైపిండికి: మైదా 190 గ్రాములు, పంచదార 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ 2 చిన్న చెంచాలు, ఉప్పు పావు చిన్న చెంచా, చల్లని వెన్న 85 గ్రాములు, చల్లని పాలు 120 మిల్లీలీటర్లు.

పండ్లను మరిగే నీటిలో అర నిమిషం నుండి నిమిషం వరకు ఉంచి, వెంటనే చల్లని నీటిలో వేస్తే తొక్క సులువుగా ఊడివస్తుంది. గింజ తీసి, వేలి మందాన ముక్కలు కోయాలి. గింజకు గుజ్జు అంటుకొని ఉండే రకమైతే కత్తితో చుట్టూ చెక్కుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: ఖుబానీ కా మీఠా చేసేటప్పుడు గింజ పగులగొట్టి లోపలి పప్పును పైన అలంకరించడం మనకు అలవాటు. పీచ్ గింజల విషయంలో అలా చేయరాదు. ఆ పప్పు చేదుగా ఉంటుంది, కడుపులో విషంగా మారే పదార్థం అందులో ఉంది. గింజలను పిల్లలకు అందకుండా పారవేయాలి.

ముక్కలకు పంచదార, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్, ఏలకుల పొడి, ఉప్పు పట్టించి, రెండు లీటర్లు పట్టే వెడల్పాటి బేకింగ్ పాత్రలో పరచాలి. ముందే 190 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన ఓవెన్‌లో 15 నిమిషాలు ఉంచాలి. చాలామంది ఈ మెట్టును దాటవేస్తారు. పండ్లు చల్లగా ఉండగానే పైన పిండి వేస్తే, పైభాగం ఎర్రబడినా అడుగు పచ్చిముద్దగానే మిగిలిపోతుంది. కింద రసం వేడిగా ఉంటే పిండి రెండు వైపులా ఉడుకుతుంది.

ఆ వ్యవధిలో మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి, వెన్నను ముక్కలుగా వేసి, వేళ్ల కొసలతో రవ్వలా అయ్యేవరకు నలపాలి. పాలు పోసి, తడి పట్టేవరకు మాత్రమే కలపాలి. ఇది చపాతీ పిండి కాదు. ఎంత మర్దిస్తే అంత గట్టిపడుతుంది. వెన్న చల్లగా ఉండమనడానికీ కారణం ఉంది: చిన్న చిన్న వెన్న పలుకులు ఓవెన్ వేడికి కరిగి, ఆవిరి వదిలి, పిండిని గుల్లగా చేస్తాయి. ఈ పిండిని చెంచాతో తీసి వేడి పండ్ల మీద అక్కడక్కడ ముద్దలుగా వదలాలి. నడుమ ఖాళీలు ఉండాలి, ఆవిరి అందులోనుండే పోతుంది. మరి 30 నుండి 35 నిమిషాలు కాల్చితే ముద్దలు బంగారు రంగుకు వస్తాయి, అంచుల్లో రసం చిక్కబడి బుడగలు వేస్తుంది. ఆ బుడగలు కనబడేవరకు తీయకూడదు, అప్పుడే కార్న్‌ఫ్లోర్ పూర్తిగా ఉడికినట్టు.

ఓవెన్ లేనివారు నిరాశపడనక్కరలేదు. దళసరి అడుగున్న పెద్ద గిన్నెలో ఉప్పు లేదా ఇసుక పరచి, స్టాండు పెట్టి, మూతవేసి పది పదిహేను నిమిషాలు వేడిచేయాలి. పండ్లను విడిగా పొయ్యి మీద ఉడుకుపట్టించి, పాత్రలో పోసి, పిండిముద్దలు వదిలి, ఆ గిన్నెలో ఉంచి మూతవేసి మధ్యస్థమైన సెగ మీద దాదాపు 50 నిమిషాలు ఉడకనివ్వాలి. పైభాగం అంతగా ఎర్రబడకపోవచ్చు, రుచి మాత్రం తగ్గదు. పీచ్ దొరకని చోట గట్టిగా పండిన బంగినపల్లి మామిడి వాడి, నిమ్మరసం రెట్టింపు చేసి, పంచదార సగానికి తగ్గించండి. డబ్బాలో దొరికే పీచ్ ముక్కలైతే పాకం పూర్తిగా వంచేసి వాడాలి. వాటికి అదనపు తీపి ఇంచుమించు అవసరం ఉండదు.

ఇక వడ్డన సంగతి. దించిన తరువాత ఇరవై, ముప్ఫై నిమిషాలు ఆగితే రసం కుదురుకుంటుంది. ఆపైన ఆలస్యం చేయరాదు. పైన గుల్లగా, లోపల మెత్తగా ఉండడమే దీని సొగసు. రాత్రి గడిస్తే పిండి రసాన్ని పీల్చుకొని మెత్తబడుతుంది. మరునాడు తినవచ్చు గాని, ఆ సొగసు ఉండదు. రేపు ఎవరైనా వస్తారేమోనని దాచితే ఇది మనలను క్షమించదు. ముక్కలుగా కోసి పళ్లెంలో అందంగా అమర్చడానికీ లొంగదు. గరిటెతో తీసి గిన్నెల్లో పెట్టుకోవలసిందే. తియ్యదనం తగ్గించిన చల్లని పాలు లేదా మీగడ పైన పోసుకుంటే ఇంకా బాగుంటుంది.

సోదరీమణులారా, ఈ వంటకం చేసిన రోజున ఒక చిన్న నియమం పాటించి చూడండి. పండ్ల తొక్క తీయడం పిల్లలకు, వెన్న నలపడం ఇంటి యజమానికి అప్పగించండి. కుదురుకునే ఆ అరగంటలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. వడ్డించేటప్పుడు మీ గిన్నె కూడా మిగిలిన వారి గిన్నెల వరుసలోనే ఉండాలి. అందులోనూ ఎర్రగా కాలిన ముద్ద ఒకటి పడాలి. చల్లారకముందే, అందరితో పాటు తినండి.